హెల్మెట్టుకి వేసిన దండ

పైడిరాజు పోయాడన్న కబురు నాకు మొదట తెచ్చింది పూలమ్మే కాంతమ్మ. మా టాటానగర్‌లో రోజూ పొద్దున్నే బాగ్‌బేరా నుంచి మా కద్మా దాకా బుట్ట నెత్తిన పెట్టుకుని వస్తుంది. దేవుడి పటాలకి మూర కొలుస్తూ, "టైలరమ్మా, మీ వెండిమనిసి పోనాడట" అంది.

"ఎవరే?"

"అదేనమ్మా, అప్పుడెప్పుడో టీవీలో సూపించినారు కాదా, తళతళ మెరిసీ గుడ్డలేసుకొని నడిసీవోడు. మా ఈదోడే. టీ తాగుతా తాగుతా ఒరిగిపోనాడట."

"అతని పేరేమిటే?"

"పేరా? అందరం వెండిమనిసనే అంతాం. మరో పేరున్నాదేటి?"

నాలుగిళ్ళ అవతల ఇరవై ఏళ్ళు బతికిన మనిషి పేరు దానికి తెలీదు. దాన్నని ఏం లాభం, ఊళ్ళో ఎవరికీ తెలీదు. ఆ పూట పూజలో మనసు నిలవలేదు. దేవుడి ముందు కూర్చుని కోపం తెచ్చుకోకూడదని తెలుసు. తెచ్చుకున్నాను.

వేషాలు కుట్టే పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికొచ్చి "మీ అనుభవాలు చెప్పండమ్మా" అంటారు. నాకు ఎవరు శాలువా కప్పారో చెబితే వాళ్ళకి ఒరిగేదేమీ లేదు. ఒక్క సూటు సంగతి చెబుతాను. నేను కుట్టినవాటిలో అందరూ మెచ్చుకున్నది అదే. నేను అన్నిటికన్నా తప్పుగా చేసిన పనీ అదే.

ఇమాం మాస్టరు గది

నేను బడికి వెళ్ళలేదు. నాన్న ఉక్కు కార్ఖానాలో డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్నాక పలక మీద అక్షరాలు దిద్దించేవాడు. సూది అమ్మ నేర్పింది. ఆ రెండూ ఇంట్లోనే దొరికినందుకు ఇవాళ్టికీ దీపం పెట్టేటప్పుడు ఇద్దరికీ దణ్ణం పెట్టుకుంటాను. నాన్నకి ఒంట్లో బాగోలేక పని మానేశాక, డెబ్భైల మొదట్లో, బిష్టుపూర్‌లో ఇమాం మాస్టరు దుకాణంలో చేరాను. ముందు వైపు పంట్లాలు, చొక్కాలు. వెనక గదిలో రాజులు, రాక్షసులు, పోలీసులు. మా ఊళ్ళో బెంగాలీవాళ్ళకో సంఘం, ఒడియావాళ్ళకో సంఘం, మనవాళ్ళకో సంఘం. అందరి నాటకాల వేషాలూ ఆ గదిలోనే తయారయ్యేవి.

మాస్టరు తిట్టినట్టు నన్ను మళ్ళీ ఎవరూ తిట్టలేదు, ఆయన నేర్పినట్టూ ఎవరూ నేర్పలేదు. "బేటీ, జనం చూసేది పైగుడ్డ. వేసుకున్నవాడికి తగిలేది లోపలి గుడ్డ. ముందు వాడి సంగతి చూడు" అని, జరీ కోటుకి లోపల నూలు లైనింగు వెయ్యకపోతే మొత్తం విప్పించేవాడు. కత్తెర తాడుతో నడుముకి కట్టుకోమనేవాడు. ఇంకో మాట కూడా చెప్పేవాడు: ఎవరి వేషం ఎక్కువసేపు కనిపిస్తుందో వాళ్ళకి రెండు జతలు కుట్టు.

మొదటి రెండూ పాటించాను. మూడోదాన్ని గాలికి వదిలేశాను. మా సంఘం నాటకం ఏడాదికి ఒక్క సాయంత్రం ఆడుతుంది. రెండో జత ఎందుకు? చిరిగితే తెర వెనక, మనిషి ఒంటి మీద ఉండగానే నాలుగు కుట్లు వేసేదాన్ని. ఒంటి మీద గుడ్డ కుట్టకూడదని మా ఇంట్లో పట్టింపు. అందుకని కుట్టినంతసేపూ అతని నోట్లో ఒక తులసాకు పెట్టించేదాన్ని. ఆకు నోట్లో ఉంటే మనిషి మాట్లాడడు, కదలడు. నా కుట్టు తిన్నగా పడేది, దేవుడికీ చెప్పుకున్నట్టుండేది. మాస్టరు చూసి నవ్వి ఊరుకునేవాడు.

ఆ ఒక్క సాయంత్రపు అలవాటే తరవాత కొంప ముంచింది.

ఎలుగుబంటి, నంది, మళ్ళీ ఎలుగుబంటి

మన తెలుగు సంఘంలో ఒక పద్ధతి ఉండేది. ఎవరూ కాగితం మీద రాయలేదు, అందరికీ తెలుసు. హీరో వేషం ఆఫీసర్లకి. పెద్ద ఇంజినీరుగారు రాజు, చిన్న ఇంజినీరుగారు మంత్రి. బాగ్‌బేరా వైపు నుంచి వచ్చే కంట్రాక్టు పనివాళ్ళకి ముసుగు వేషాలు. తోలు, తోక, అట్ట తల. ముసుగులో ఎవరున్నా ఒకటే కదా అనేవారు.

పైడిరాజు అలాంటివాడు. విజయనగరం వైపు మనిషి. కార్ఖానాలో కొలిమి దగ్గర కంట్రాక్టు పని. పన్నెండేళ్ళలో అతనికి నేను మూడు ఎలుగుబంట్లు, ఒక నంది, లెక్కలేనన్ని కోతులు కుట్టాను. ఎలుగుబంటి గుడ్డలో కూడా నడకలో తేడా చూపించేవాడు. ముసలి ఎలుగు ఒకలా నడిచేది, ఆకలితో ఉన్న ఎలుగు ఇంకోలా నడిచేది. ముందు వరసలో కూర్చున్న పిల్లలు నిజంగా ఏడ్చేవారు. రాజుగారు పద్యం మరిచిపోయి తెర వైపు చూస్తుంటే, నవ్వు ఆపుకోవడానికి నేను చీర కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని.

నన్ను 'అప్పా' అని పిలిచేవాడు, అంటే అక్క అని. ఓసారి అట్ట తల కొలతలు తీస్తుంటే అడిగాడు.

"అప్పా, నా మొకం సూసి ఎవులైనా జడుసుకుంతారేటి?"

"ఎందుకు జడుసుకుంటారు? మనిషి ముఖమేగా."

"మరి ఎప్పుడూ కప్పీసే ఏసాలే ఇత్తారేటి? నా పెల్లాం ఏటంతాదో తెలుసా? 'నువ్వు నాటకానికెల్లావో, కల్లు దుకానానికెల్లావో నాకెలా తెలుత్తాది, అక్కడ నీ మొకం అగుపిత్తే కదా' అంతాది."

నవ్వుతూనే అన్నాడు. నేను టేపు చుట్టుకుంటూ, "సెక్రటరీగారితో మాట్లాడతాలే" అన్నాను. మాట్లాడాను కూడా. సెక్రటరీగారు మర్యాదస్థుడు, కుర్చీ వేసి టీ ఇప్పించారు. "చూద్దామమ్మా, వచ్చే ఏడు తప్పకుండా" అన్నారు. వచ్చే ఏడు మళ్ళీ ఎలుగుబంటే. నేను రెండోసారి వెళ్ళలేదు. అంతకన్నా గట్టిగా అడగడం అప్పట్లో నాకు చేతకాలేదు. పిల్లలూ, మీరు అడగండి. టీ ఇచ్చారని లేచి వచ్చేయకండి.

వెండి గుడ్డ

మా ఊరికి టీవీ వచ్చిన కొత్తలో, ఎనభైల నడుమ, బొంబాయి నుంచి ఒక యూనిట్టు వచ్చింది. వేరే గ్రహం నుంచి భూమి మీదకి దిగిన మనిషి కథ, ఆదివారం పొద్దున వచ్చే హిందీ సీరియలు. స్వర్ణరేఖ నది ఒడ్డున నల్లరాళ్ళు, ఎండిపోయిన ఇసుక చూసి, ఆ గ్రహం ఇదే అనుకున్నారు. మా ఊరివాళ్ళు పొంగిపోయారు. 'మీ ఊరు భూమిలా లేదు' అంటే పొంగిపోవడమేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

డైరెక్టరుగారు నేను వేషాలు కుట్టే గదికి వచ్చి, "మాస్టర్‌జీ, ఎవరూ చూడని గుడ్డ కావాలి" అన్నాడు. హిందీవాళ్ళకి కుట్టేవాళ్ళందరూ మాస్టర్‌జీలే, ఆడైనా మగైనా. కొలిమి ముందు పనిచేసేవాళ్ళు తొడుక్కునే వెండిపూత కోటు గుడ్డ ఒక తాను తెప్పించి చూపించాను. ఎగిరి గంతేశాడు.

కానీ ఆ గుడ్డ వేడిని ఎలా బయట ఆపుతుందో, ఒంటి వేడిని అలాగే లోపల ఆపేస్తుంది. బొంబాయి నుంచి తెచ్చిన నటుడు పావుగంటకే "మర్ జాయేంగే", చచ్చిపోతాం అని విప్పేశాడు. దాన్ని తొడుక్కుని గంటల తరబడి నిలబడగలిగేవాడు ఎవరని అడిగారు. నాకు తెలిసినవాడు ఒక్కడే.

పైడిరాజు వచ్చాడు. సూటు తొడుక్కుని ఇసుకలో పది అడుగులు వేశాడు. పాదం ఎక్కడ పెట్టాలో, ఈ నేల మోస్తుందో లేదో తెలియనట్టు వేశాడు. డైరెక్టరుగారు సిగరెట్టు పారేసి లేచి నిలబడ్డాడు.

కథలో ఆ మనిషి చివరిదాకా హెల్మెట్టులోనే ఉంటాడు. గొంతు కూడా బొంబాయిలో ఇంకెవరిదో పెడతారు. ఆఖరి భాగంలో హెల్మెట్టు తీస్తాడు, లోపల మనలాంటి ముఖమే ఉంటుంది. కథకి కీలకం అదే. అది విన్నప్పుడు పైడిరాజు ఒక్కటే అడిగాడు, ఆఖర్న తన ముఖం కనిపిస్తుంది కదా అని.

"సాబ్, ఆఖిర్ మే మేరా ముఁహ్ దిఖేగా నా?"

"దిఖేగా భాయ్, పూరే దేశ్ కో దిఖేగా."

దేశమంతా చూస్తుందన్నాడు. అంతే, జీతం లేకుండా పనిలో ఛుట్టీ పెట్టేశాడు. నలభై రోజులు ఆ ఎండలో, ఆ గుడ్డలో నడిచాడు. నోరెత్తలేదు.

ఇప్పుడు నా తప్పు. తానులో రెండు సూట్లకి సరిపడా గుడ్డ ఉంది. ఇమాం మాస్టరు అప్పటికి కాలం చేశారు, కానీ ఆయన మాట చెవిలోనే ఉంది. నేనేం చేశాను? రెండో జత కుట్టాల్సిన గుడ్డతో భుజాల మీద రెక్కల్లాంటి మడతలు పెట్టాను, వీపు మీద చేప పొలుసుల్లా మూడు వరసలు వేశాను. ఎంత బాగుందో. యూనిట్టంతా చప్పట్లు కొట్టింది. పేపరువాళ్ళొచ్చి ఫోటో తీసుకున్నారు. ఆ చప్పట్లు నాకు మహా తియ్యగా వినిపించాయి. మిగిలిన గుడ్డతో చేతి తొడుగులయ్యాయి, బూట్లయ్యాయి. రెండో సూటు కాలేదు.

దాని మీద ఇంకొకటి. జిప్పు కెమెరాకి మెరుస్తోందన్నారు. హెల్మెట్టుకీ కాలరుకీ మధ్య మెడ కనిపిస్తోందన్నారు. స్టేజీ అలవాటు ఉందిగా, జిప్పు పీకేసి రోజూ పొద్దున అతని ఒంటి మీదే సూటు కుట్టేయడం మొదలుపెట్టాను, హెల్మెట్టు అంచుతో సహా. పైడిరాజు నోట్లో తులసాకు పెట్టుకుని కళ్ళు మూసుకుని నిలబడేవాడు. సాయంత్రం కుట్లు విప్పితే ఒక బకెట్టు చెమట.

ఆఖరి రోజు

ఆఖరి రోజు రెండే పనులు. పొద్దున గుట్ట మీదకి నడక. మధ్యాహ్నం హెల్మెట్టు తీసే సీను. సాయంత్రం టాటానగర్ స్టేషన్లో యూనిట్టు బండెక్కాలి, టిక్కెట్లు తీసేసి ఉన్నాయి.

ఆ పొద్దున పైడిరాజు గడ్డం గీయించుకుని, తల దువ్వుకుని, నుదుట విభూతి పెట్టుకుని వచ్చాడు. "అప్పా, విబూది సెరిపెయ్యకుండా కుట్టు, కనపడాల" అన్నాడు. నేను కుట్టాను.

నడక మూడుసార్లు తీశారు. మబ్బు అడ్డొచ్చిందని నాలుగోసారి నడవమన్నారు. ఊపిరాడకపోతే ఎడమ చెయ్యి ఎత్తమని అతనికి చెప్పి ఉంచాను. ఎత్తలేదు. ఎత్తితే పని ఆగిపోతుంది, తరవాతి సీను తన ముఖానిది. కానీ నడక అతనిది కాదు. పన్నెండేళ్ళు చూసిన నడక నాకు తెలీదా? మోకాళ్ళు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి. నేను పరిగెత్తేసరికి ఇసుకలో బోర్లా పడ్డాడు.

వెల్లకిలా తిప్పి కత్తెర కాలరు దగ్గర పెట్టాను. వెనక నుంచి మేనేజరు అరుస్తున్నాడు. "కాటో మత్, మాస్టర్‌జీ. ఏక్ హీ హై. టాంకే ఖోలో, టాంకే ఖోలో." కొయ్యొద్దు, కుట్లు విప్పమంటున్నాడు.

ఒక్కటే ఉందన్న మాట నిజం. నేను ఆగాను. ఎంతసేపు అంటే చెప్పలేను. ఒక కుట్టు విప్పాను, రెండో కుట్టు విప్పాను. మూడోది వేళ్ళకి దొరకలేదు. అద్దం లోపల అతని ఊపిరి ఆవిరి రావడం మానేసింది. అప్పుడు కోశాను, కాలరు నుంచి బొడ్డు దాకా ఒకే కోత. ఆ గుడ్డ కోసినప్పుడు వచ్చే చప్పుడు మీకు చెప్పలేను. కత్తెర నడుముకే ఉన్నందుకు ఇమాం మాస్టరుకి, ఆయన దేవుడికి, నా దేవుడికి రోజూ మొక్కుతాను. ఆ రెండు కుట్లు విప్పినందుకు రోజూ క్షమించమని అడుగుతాను.

నీళ్ళు కొట్టాం. కళ్ళు తెరిచాడు. మొదట నన్ను చూడలేదు, తన ఛాతీ చూసుకున్నాడు.

"కోసీసినావేటప్పా?"

"బతికావురా నాయనా, మాట్లాడకు."

"మరి మొకం సీనో?"

గంటలో లేచి కూర్చున్నాడు. మజ్జిగ తాగాడు. తల మళ్ళీ దువ్వుకున్నాడు. "నాను రెడీ సాబ్" అన్నాడు. మనిషి లేచాడు కానీ సూటు లేవలేదు. పూత పూసిన గుడ్డ, అతుకు వేస్తే అడ్డంగా కనిపిస్తుంది. రెండు గంటలివ్వండి, ఏదో ఒకటి చేస్తానన్నాను. దగ్గరగా ముఖం ఒక్కటే తీయండి అన్నాను. డైరెక్టరుగారు గడియారం చూశాడు, ఎండ చూశాడు. హెల్మెట్టు తీసే చేతులూ ఛాతీ కనపడాలి అన్నాడు. చెడ్డవాడు కాదు, పైడిరాజుని కావలించుకున్నాడు కూడా. "బొంబాయి పిలిపించి తీస్తాను భాయ్" అన్నాడు. కోసిన సూటు నా దగ్గరే వదిలేసి, హెల్మెట్టు పెట్టెలో సర్దుకుని వెళ్ళిపోయారు.

పిలుపు రాలేదు. రెండో జత ఉండి ఉంటే ఆ మధ్యాహ్నమే ఆ సీను అయిపోయేది. ఇంకెవరి తప్పులెన్నైనా లెక్కపెట్టండి, నేను వద్దనను. ఇది మాత్రం నాది.

ఆదివారం

ఆఖరి భాగం వచ్చిన ఆదివారం సంఘం హాల్లో టీవీ పెట్టారు. కాలు పెట్టే చోటు లేదు. పైడిరాజు భార్య రాములమ్మని తీసుకుని వచ్చాడు. ముందు బల్ల మీద కూర్చోబెట్టారు. పిలుపు రాలేదని అతనికి తెలుసు, నాకు తెలుసు. అయినా ఇద్దరం చూస్తున్నాం. దగ్గరగా తీసిన ముక్క ఏదైనా ఉందేమో, మాకు చెప్పకుండా పెట్టారేమో అని.

గుట్ట మీదకి నడిచింది పైడిరాజు. ఆ నడక చూసి హాలంతా గుక్క తిప్పుకోలేదు. తరవాత కొత్త సూటు ఒకటి కనిపించింది, పొలుసులు లేవు. హెల్మెట్టు పైకి లేచింది. లోపల నున్నటి గడ్డం, తెల్లటి బొంబాయి కుర్రాడు నవ్వుతున్నాడు. చివర వేసిన పేర్లలో కూడా ఆ కుర్రాడి పేరే.

పిల్లలు ఈలలు వేశారు. రాములమ్మ మొగుడి వైపు తిరిగి, "ఈడెవుడు?" అంది.

పైడిరాజు టీవీ మీద నుంచి చూపు తిప్పలేదు. "నానే" అన్నాడు. "సబ్బు మార్సినాను."

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. అతనూ నవ్వాడు. రాములమ్మ నవ్వలేదు. నేను లేచి బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

అప్పటి నుంచి ప్రతి వార్షికోత్సవానికీ సెక్రటరీగారు అతన్ని పిలిచేవారు, ఆ కోసిన సూటు నా చేత అతికించి, దాని మీద అల్యూమినియం రంగు పూయించి, అట్టతో హెల్మెట్టు చేయించి. "పిల్లలకి సరదా కదమ్మా" అనేవారు. ముఖం కనపడే వేషం ఇవ్వండి అని ఈసారి నిలబడే అడిగాను, టీ తాగకుండా. "ముసుగు తీస్తే ఎవరికి తెలుస్తుందమ్మా ఇతనే అతనని?" అన్నారు. పైడిరాజు వచ్చేవాడు, పిల్లలకి ఆ నడక నడిచి చూపించేవాడు. ఊరంతా పిల్లలు సందుల్లో అలాగే నడిచేవారు. ఇప్పుడు ఆ పిల్లల పిల్లలు నడుస్తున్నారు. ఎవరి నడకో తెలీదు.

దండ

పదకొండో రోజు తరవాత సంఘంలో సంతాప సభ పెట్టారు. వెళ్ళాను. బల్ల మీద పెద్ద ఫోటో. యూనిట్టువాళ్ళు అప్పట్లో పంపిన ఫోటో అది, హెల్మెట్టు పెట్టుకున్నది. దానికి చామంతి దండ. కింద అగరొత్తులు.

"మనిషి ఫోటో లేదా?" అన్నాను.

సెక్రటరీగారు ముసలివారయ్యారు, మర్యాద మాత్రం తగ్గలేదు. "ఇదైతేనే జనం గుర్తుపడతారమ్మా" అన్నారు.

సంఘం ఆల్బములన్నీ తిరగేశాను. ఎలుగుబంటి, నంది, కోతి, వెండి సూటు. రాములమ్మని అడిగాను. "మాకెవులు తీసినారమ్మా పోటోలు? గేటు పాసు మీదున్నది వానకి పోనాది" అంది. తరవాత, "నాకు కల్లు మూసుకుంటే అగుపిత్తాడు. నాను పోనాక మరెవులికీ అగుపించడు" అంది.

ఇంటికొచ్చి దేవుడికి దణ్ణం పెట్టుకుని ఇది రాయడానికి కూర్చున్నాను. కొలతలు తీసేవాళ్ళం మనుషుల్ని దగ్గరగా చూస్తాం. అతని నుదురు వెడల్పు, నా అయిదు వేళ్ళూ ఆనేంత. వేడి దగ్గర పని వల్ల కనుబొమలు పల్చబడి, చివర్లు లేనట్టే ఉండేవి. కళ్ళు చిన్నవి, తేనె రంగు, వెలుతురులోకి వస్తే ఇంకా లేతగా కనిపించేవి. ముక్కు మొదట్లో సన్నంగా, చివర గుండ్రంగా. కుడి చెంప మీద నిప్పురవ్వ పడిన మచ్చ, కందిగింజంత. కింది పెదవి లావు. మాట వెతుక్కునేటప్పుడు దాన్ని పళ్ళతో పట్టుకునేవాడు. నవ్వు ముందు కళ్ళలోకి వచ్చేది, కాసేపాగి నోటికి వచ్చేది. చూస్తూ కూర్చోవాలనిపించే ముఖం.

ఈ పని నేర్చుకునే పిల్లలారా, రెండో జత కుట్టండి, కత్తెర నడుముకే ఉంచుకోండి. మిగతా ఎవరు చదివినా ఒక్కటే అడుగుతున్నాను. సందులో ఏ పిల్లవాడైనా నేల మోస్తుందో లేదో అన్నట్టు అడుగులు వేస్తుంటే, పక్కన కూర్చోబెట్టుకుని ఈ ముఖం చెప్పండి. అతని పేరు పైడిరాజు. దయచేసి గుర్తుపెట్టుకోండి.